స్క్రీన్ మీది కిలోమీటరు, రోడ్డు మీది కిలోమీటరు ఒకటి కావు

"కట్ ఎక్కడుందో రిమోట్ సిస్టమ్ మీటరుతో సహా చెప్పేసింది కదా సార్, ఇంకా తవ్వరేం?"

విశాఖలో ఫైబర్ లైన్లు చూసుకునే మాకు ఈ మాట మామూలే. నెట్ ఆగిపోయి, ఆఫీసు కాల్ మధ్యలో ఇరుక్కున్నవాళ్లు అడిగితే వాళ్ల టెన్షన్ అర్థమవుతుంది. తవ్వించే కాంట్రాక్టరే అలా అంటే మాత్రం ఒప్పుకోను. మా పనిలో ఎక్కువ డబ్బు, సమయం తినేసే అపోహ ఇదే.

ఆ సిస్టమ్‌లో ఉండే ఓటీడీఆర్ (ఫైబర్‌లోకి వెలుగు పంపి లోపం వెతికే మీటరు) కొలిచేది వెలుగు వెళ్లి తిరిగొచ్చిన సమయాన్ని. దాన్ని లెక్కగట్టి చూపించే దూరం ఫైబర్ పొడవు, రోడ్డు పొడవు కాదు. కేబుల్ లోపల ట్యూబులు మెలి తిరిగి ఉంటాయి. చాంబర్లలో (దారిలో కేబుల్ కోసం కట్టిన గుంతల్లో) అవసరానికని లూపులు, అంటే అదనపు కేబుల్ చుట్లు వదిలేస్తాం. పది చాంబర్లలో 15 మీటర్ల చొప్పున ఉంటే అక్కడే 150 మీటర్లు. మీటరులో రిఫ్రాక్టివ్ ఇండెక్స్ (ఫైబర్‌లో వెలుగు ఎంత నెమ్మదిస్తుందో చెప్పే అంకె) 1.468 ఉండాల్సిన చోట 1.460 పెట్టారా, 12 కిలోమీటర్లకు ఇంకో 65 మీటర్లు ఎక్కువ చూపిస్తుంది. అందుకే అసలు కట్ చాలాసార్లు స్క్రీన్ అంకె కంటే ఇవతలే ఉంటుంది.

ఒక వానాకాలం రాత్రి ఆనందపురం వైపు స్క్రీన్ అంకె పట్టుకుని జేసీబీతో తవ్వించారు. కేబుల్ బయటపడింది, ఒక్క గీత లేదు. కొత్తగా చేరిన కుర్రాడి ముఖం వాడిపోయింది, తప్పు తనదేనేమోనని. పాత జాయింట్ల (కేబుల్ ముక్కలు అతికిన చోట్ల) రికార్డు తెప్పించి, కట్‌కు ముందున్న ఆఖరి జాయింట్ నుంచి లెక్క వేయించాను. దాదాపు రెండు వందల మీటర్లు వెనక్కి వస్తే, నీళ్ల పైపు కోసం తవ్వి పూడ్చిన పచ్చి మట్టి. కింద డక్ట్ (కేబుల్ వెళ్లే గొట్టం) చీలిపోయి, నీలం, నారింజ ట్యూబులు బయటికి వేలాడుతున్నాయి.

ఎప్పుడైనా ఎక్స్‌ఛేంజి నుంచి కాదు, దగ్గర్లోని తెలిసిన జాయింట్ నుంచి కొలవండి. మధ్యలోని లూపులు తీసేయండి. కొలిచే దూరం తగ్గితే తేడా కూడా తగ్గుతుంది. లూపు ఎంత వదిలామో రాసిపెట్టని టీమ్‌కు ఎంత ఖరీదైన సిస్టమ్ ఇచ్చినా దండగే.

నడుస్తున్న లైన్‌ను టెస్ట్ చేస్తే నెట్ ఆగిపోతుందని ఇంకో పుకారు. ఇళ్లకిచ్చే సర్వీసు 1310, 1490, 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న వెలుగు మీద నడుస్తుంది. మేం దానికి అడ్డురాకుండా 1650తో, ఫిల్టర్లు పెట్టి చూస్తాం. మీ మెసేజ్‌లు, ఫోటోలు మాకేమీ కనిపించవు, కంగారు పడకండి.

ఎర్ర అలారం వస్తే కట్టేనని కూడా అనుకోవద్దు. అవతల కరెంటు పోయినా సర్వీస్ అలారం వస్తుంది. ట్రేస్, అంటే ఓటీడీఆర్ గీసే గ్రాఫ్ మాత్రం మారదు. పాత ట్రేస్ పక్కన పెట్టి చూశాకే టీమ్‌ను పంపండి.

ఇక ఇళ్ల లైన్లు. 1:32 స్ప్లిటర్ (ఒక ఫైబర్ వెలుగును 32 శాఖలకు పంచేది) దగ్గరే సుమారు 17 డీబీ (డెసిబెల్స్) వెలుగు బలం పోతుంది, దాటాక అన్ని శాఖల నుంచి వచ్చే వెలుగూ కలిసిపోతుంది. ఇళ్ల చివర వెలుగును తిప్పి పంపే రిఫ్లెక్టర్లు పెట్టకపోతే ఏ ఇంటి తీగ తెగిందో సెంటర్‌లో కూర్చుని చెప్పడం కష్టం. అక్కడికి మనిషి మీటరు పట్టుకుని వెళ్లాల్సిందే.