చెయ్యి చేసుకోని హింస: చట్టం చూపు ఎలా మారింది

భార్యాభర్తల తగవు పెద్దమనుషుల ముందుకో, పోలీసు స్టేషనుకో వచ్చినప్పుడు తరచుగా మొదట వినిపించే ప్రశ్న ‘చెయ్యి చేసుకున్నాడా?’ అన్నదే. ఆమె లేదంటే, ఇక సర్దుకుపోవడమే మిగిలిందన్నట్టు మాట మళ్లిపోతుంది. తన జీతం పడిన మెసేజీ భర్త ఫోనుకు వెళ్లే ఇల్లాలికి, పుట్టింటివాళ్లతో స్పీకరు పెట్టి మాత్రమే మాట్లాడవలసిన ఇల్లాలికి, కూరగాయలు కొనగా మిగిలిన చిల్లర రోజూ లెక్క చెప్పి అప్పగించే ఇల్లాలికి ఆ ప్రశ్నలో చోటు లేదు. ఇవి దేనికదిగా చూస్తే చిన్న విషయాలే. ఏళ్ల తరబడి ఒకే మనిషి మీద అన్నీ కలిసి పనిచేసినప్పుడు ఆమెకు తనదంటూ నిర్ణయమే మిగలదు.

ఈ అల్లికను అమెరికాలో ఒక బొమ్మగా గీసినది మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్ పట్టణం. ఎలెన్ పెన్స్, ఆమె సహచరులు 1984లో అక్కడ దెబ్బలు తిన్న స్త్రీలను కూర్చోబెట్టి, ఇంట్లో ఏం జరుగుతుందో వాళ్ల మాటల్లోనే చెప్పించుకున్నారు. ఉద్రిక్తత పెరగడం, కొట్టడం, క్షమాపణ అడగడం అనే మూడు దశలు తిరిగి తిరిగి వస్తాయన్న వివరణ అప్పటికే ప్రచారంలో ఉంది. కానీ ఈ స్త్రీలు చెప్పినది వేరు: కొట్టని రోజుల్లోనూ తమ మీద అదుపు సడలలేదు. ఆ మాటల నుంచే ‘అధికారం, అదుపు’ అని మధ్యలో రాసిన చక్రం పుట్టింది. దాని ఎనిమిది ఆకుల్లో బెదిరింపు, ఒంటరిని చేయడం, డబ్బు చేతికివ్వకపోవడం, పిల్లలను అడ్డుపెట్టుకోవడం వంటివి ఉండగా, దెబ్బలూ లైంగిక హింసా ఆ ఆకులన్నిటినీ పట్టి ఉంచే బయటి పట్టీగా ఉన్నాయి. దెబ్బను కేంద్రం నుంచి అంచుకు జరిపిన ఆ చిత్రమే నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు.

సామాజిక శాస్త్రవేత్త ఇవాన్ స్టార్క్ 2007లో దీన్ని మనిషి స్వేచ్ఛ మీద జరిగే నేరంగా వివరించాడు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2015 డిసెంబరు 29 నుంచి ఇటువంటి నిరంతర నియంత్రణ ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడే నేరమైంది. స్కాట్లాండ్ 2018లో చేసిన చట్టం మరుసటి ఏడాది అమలులోకి వచ్చింది.

మన దేశంలో దారి వరకట్న మరణాల మీదుగా సాగింది. భారత శిక్షాస్మృతిలోకి 1983లో వచ్చిన 498ఎ సెక్షను మానసిక ఆరోగ్యానికి తీవ్ర హాని కలిగించే ప్రవర్తనను కూడా క్రూరత్వంగానే చెప్పింది, అయినా వాడుకలో అది కట్నం కేసుగానే స్థిరపడింది. 2005 నాటి గృహహింస చట్టం ఇంకా ముందుకు వెళ్లి, మాటలతో, మనసుపై జరిగే హింసనూ ఆర్థిక హింసనూ విడిగా నిర్వచించింది. 2006 అక్టోబరు 26న అమలులోకి వచ్చిన ఈ చట్టం కింద బాధితురాలు మేజిస్ట్రేటు నుంచి రక్షణ ఉత్తర్వు, ఆ ఇంట్లోనే నివసించే హక్కు, భరణం కోరవచ్చు.

లెక్కలు మాత్రం ఇంకా దెబ్బల చుట్టూనే తిరుగుతున్నాయి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, పెళ్లయిన 18–49 ఏళ్ల స్త్రీలలో తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం మంది భర్త చేతిలో ఎప్పుడో ఒకప్పుడు హింసకు గురయ్యారు. ఆ సంఖ్యలో చేరేది శారీరక, లైంగిక హింస మాత్రమే. భర్త స్నేహితురాళ్లను కలవనివ్వడా, పుట్టింటితో రాకపోకలు తగ్గిస్తాడా, ఎప్పుడు ఎక్కడున్నావో చెప్పి తీరాలంటాడా, డబ్బు విషయంలో నమ్మడా అని అదే సర్వే అడుగుతుంది. ఆ జవాబులు నివేదిక లోపలి పట్టికల్లో ఉంటాయి, పతాక శీర్షికల్లోకి రావు.

గృహహింస చట్టం కింద బాధితురాలి ఫిర్యాదును రాసుకునే రక్షణాధికారి నింపే గృహ సంఘటన నివేదికలోనూ ఇదే ఇబ్బంది ఉంది. ఇల్లు దాటనివ్వకపోవడం, ఫలానా వ్యక్తిని కలవనివ్వకపోవడం, ఉద్యోగం మాన్పించడం, జీతం లాక్కోవడం అన్నీ ఆ ఫారంలో అచ్చయి ఉన్నాయి, అది మెచ్చుకోవలసిన సంగతే. అయితే వాటి పక్క గడి ‘తేదీ, స్థలం, సమయం’ అడుగుతుంది. చెంపదెబ్బకు తేదీ ఉంటుంది. అక్క ఇంటికి వెళ్లవద్దన్న మాట పదేళ్లుగా అమలవుతుంటే, ఆమె ఆ గడిలో ఏ తేదీ రాయాలి?