సెంటుకి ఎన్ని ట్రక్కుల మట్టి? అపోహలు - వాస్తవాలు

"సెంటుకి ఎన్ని ట్రక్కులు పడతాయండీ?" కోనసీమలో పల్లపు స్థలం మెరక చేయించేవాళ్ళు గానీ, కడియం నర్సరీల నుంచి మొక్కలు తెచ్చి ఇంటి ముందు లాన్ వేయించేవాళ్ళు గానీ మొదట అడిగేది ఇదే. ఎంత మందాన పరుస్తారో చెప్పకపోతే ఈ ప్రశ్నకు జవాబు లేదు.

అపోహ: సెంటుకి ఇన్ని ట్రక్కులని ఒక లెక్క ఉంటుంది.

వాస్తవం: సెంటు అంటే 435.6 చదరపు అడుగులు, గజాల్లో 48.4. దాని మీద అంగుళం మందాన పరిస్తే 36.3 ఘనపుటడుగుల మట్టి పడుతుంది. నోటి లెక్క కావాలంటే, చదరపు అడుగుల్ని అంగుళాల మందంతో గుణించి 1200తో భాగించండి. యూనిట్లు వచ్చేస్తాయి. యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు. 600 చదరపు అడుగుల లాన్‌కు 4 అంగుళాల ఎర్రమట్టి వేయాలంటే 2 యూనిట్లు.

అపోహ: ట్రక్కు అంటే యూనిట్టే.

వాస్తవం: ట్రక్కులన్నీ ఒక్క సైజులో ఉండవు. టేపు పెట్టి లోపలి కొలతలే తీసుకోండి. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉంటే 120 ఘనపుటడుగులు. "పైన గోపురంలా పోశాం కదా, ఒకటిన్నర ట్రక్కు కింద లెక్క" అంటే ఒప్పుకోకండి. గోపురం మొనదేలి ఉంటుంది కనుక, దాని కింది భాగం వైశాల్యాన్ని ఎత్తుతో గుణించి మూడో వంతే తీసుకోవాలి. అదే ట్రక్కు మీద అడుగెత్తు గోపురానికి వచ్చేది 20 ఘనపుటడుగులే.

దింపేశాక అనుమానం వస్తే కుప్పనే కొలవొచ్చు. గుండ్రటి కుప్ప చుట్టుకొలతను దానితోనే గుణించి, ఎత్తుతో గుణించి, 38తో భాగించండి. చుట్టుకొలత 34 అడుగులు, ఎత్తు మూడున్నర అయితే 106 ఘనపుటడుగులు.

అపోహ: మట్టి నాలుగో వంతు కుంగుతుంది కాబట్టి నాలుగో వంతు ఎక్కువ తోలిస్తే సరి.

వాస్తవం: మెరక పనుల్లో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. 5 సెంట్లను 2 అడుగులు ఎత్తు చేయాలనుకోండి. 2178ని 2తో గుణిస్తే 4356 ఘనపుటడుగులు. ఇది కుదురుకున్నాక ఉండాల్సిన మట్టి. ట్రక్కులో వచ్చేది గుల్లమట్టి. అది నాలుగో వంతు కుంగితే మిగిలేది ముప్పావు వంతే కాబట్టి 4356ని 0.75తో భాగించాలి: 5808. పై కొలత ట్రక్కుతో 49 తోలకాలు. నాలుగో వంతు మాత్రమే కలిపితే 5445 దగ్గర, 46 తోలకాలకే ఆగిపోతారు. తగ్గిన మూడు ట్రక్కులు తొలి వానాకాలంలో గుంటలై కనిపిస్తాయి.

కుంగుడు అన్ని మట్టులకూ ఒకలా ఉండదు. గడ్డలుగా వచ్చే నల్లమట్టి ఎక్కువ దిగుతుంది. నీళ్ళు పెట్టి కుదించిన బుసక (ఇసుక నేల మట్టి) అంత దిగదు. ఏదైనా సరే, ఒకేసారి రెండడుగులు పోయకుండా వరసలుగా పరిచి, వరస వరసకూ కుదించండి.

పల్లం లోతు కూడా ఒకచోట చూసి ఖాయం చేయొద్దు. నడిగుంట చూస్తే లెక్క పెరుగుతుంది, గట్టు పక్కన చూస్తే తగ్గుతుంది. తాపీమేస్త్రీ వాడే నీళ్ళ పైపుతో కనీసం తొమ్మిది చోట్ల లోతు తీసి సగటు కట్టండి.

అపోహ: మీటరుకి 3.28 అడుగులు, కనుక ఘనపు మీటరుకీ అంతే.

వాస్తవం: చదరపు మీటరుకి 10.76 చదరపు అడుగులు, ఘనపు మీటరుకి 35.3 ఘనపుటడుగులు. గజాలకూ ఇదే తీరు: చదరపు గజం 9, ఘనపు గజం 27.

అపోహ: తడి ఇసుకైనా పొడి ఇసుకైనా యూనిట్ యూనిట్టే.

వాస్తవం: కాస్త తేమ తగిలితే రేణువుల చుట్టూ నీటిపొర చేరి వాటిని ఎడంగా నెడుతుంది. 5 నుంచి 8 శాతం తేమ దగ్గర ఇసుక పరిమాణం పాతిక శాతం, సన్న ఇసుకైతే అంతకన్నా ఎక్కువే పెరగొచ్చు. పూర్తిగా నీళ్ళలో మునిగితే మళ్ళీ పొడి ఇసుక మట్టానికి దిగిపోతుంది. గాజు గ్లాసులో 20 సెంటీమీటర్ల ఎత్తున తడి ఇసుక పోసి, నీళ్ళు నింపి, కలిపి వదిలేయండి. 16కి దిగిందంటే పొంగు 25 శాతం. యూనిట్లలో కొంటే ఆ పొంగుకు డబ్బు కడుతున్నట్టే. టన్నుల్లో కొంటే నష్టం తక్కువ: 5 శాతం తేమ ఉన్న టన్ను ఇసుకలో నీళ్ళు దాదాపు 48 కిలోలే.

అపోహ: మూడు తట్టల మట్టి, ఒక తట్ట ఎరువు కలిపితే నాలుగు తట్టలు.

వాస్తవం: రావు. సన్న రేణువులు పెద్దవాటి సందుల్లోకి దిగిపోతాయి. ముందు చిన్న మోతాదు కలిపి కొలిచి చూడండి.

అపోహ: నడకదారికి రెండంగుళాల మందాన రాతి చిప్స్ అంటే 1200 లెక్కలో వచ్చినంతే చాలు.

వాస్తవం: లెక్క సరైనదే, కింద ఉన్న నేల కాదు. డెల్టా నల్లమట్టి తడిస్తే మెత్తబడి రాయిని మింగేస్తుంది. ఎంత పోసినా రెండో ఏడు మళ్ళీ పోయాలి. మట్టికీ రాయికీ మధ్య జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్ళను వదిలి మట్టిని ఆపే గుడ్డ) పరిచి, దాని మీద క్రషర్ డస్ట్ కుదించి, అప్పుడు చిప్స్ వేయండి.

అపోహ: 16 అంగుళాల కుండీకి 8 అంగుళాల కుండీకన్నా రెట్టింపు మట్టి.

వాస్తవం: ఎత్తు కూడా అదే పాళ్ళలో పెరిగితే ఎనిమిది రెట్లు. కడియం వెళ్ళేముందు కొబ్బరి పొట్టు దిమ్మలు ఎన్ని కావాలో ఈ లెక్కతోనే చూసుకోండి. ఘనపుటడుగుకి 28.3 లీటర్లు. 12 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తున నిటారు గోడల గుండ్రటి కుండీకి 22 లీటర్లు పడతాయి. అడుగు సన్నగా ఉన్నదైతే అంతకన్నా తక్కువే.