అమ్మకానికి లేని పాటను కొనేదెలా? జపాన్ సంగీతం, సముద్రం అవతలి అభిమానులు

2004 జులై 31న అమెరికాలోని బాల్టిమోర్‌లో, అనిమే (జపాన్ యానిమేషన్) అభిమానులు ఏటా జరుపుకునే ఒటాకాన్ వేడుకలో జపాన్ రాక్ బ్యాండ్ లార్క్ ఆన్ సియెల్ పాడింది. దాదాపు 12,000 మంది వచ్చారు. వాళ్లలో జపనీస్ భాష రానివాళ్లే ఎక్కువ. ఆ బ్యాండ్ 1991లోనే ఒసాకాలో మొదలైంది. దాని ఆల్బమ్ అమెరికా షాపుల్లోకి అధికారికంగా వచ్చింది మాత్రం ఆ ఏడాదే. అంతకుముందు వచ్చిన పాటలు అన్ని వేల మందికి ఎలా తెలిశాయి?

కొందరు జపాన్ నుంచి సీడీలు తెప్పించుకున్నారు. చాలామంది డౌన్‌లోడ్ చేసుకున్నారు. స్నేహితుడు కాపీ చేసి ఇచ్చిన డిస్క్‌తో మొదలైన అభిమానాలూ ఉన్నాయి. ఈ సంగతి ఎత్తితే చాలు, ‘ఫ్రీగా దొరుకుతుంటే ఎవడు కొంటాడు’ అని తేల్చేస్తారు. అది సగం నిజమే అని నా నమ్మకం. మిగతా సగం తెలియాలంటే జపాన్ సంగీత వ్యాపారం తన చుట్టూ తాను కట్టుకున్న గోడ దగ్గరికి వెళ్లాలి.

ఆ గోడకు పునాది 1953లో పడింది. గుత్తాధిపత్య నిరోధక చట్టాన్ని సవరించి, పుస్తకాలు, పత్రికలు, రికార్డులను ఒక నిబంధన నుంచి మినహాయించారు. సబ్బు ధర ఎంతైనా తగ్గించి అమ్ముకునే స్వేచ్ఛ దుకాణదారుకు ఉంటుంది. కొత్త రికార్డు విషయంలో ఆ స్వేచ్ఛ లేదు, కంపెనీ వేసిన ధరకే అమ్మాలి. జపాన్‌లో దీన్ని ‘సైహాన్’ అంటారు. చిన్న ఊళ్లలోని చిన్న షాపులు కూడా బతకాలి, ఎక్కువ అమ్ముడుపోని రకం సంగీతానికీ అల్మారాలో చోటు దొరకాలి అన్నది దీని వెనక ఉన్న వాదన. అందులో న్యాయం లేకపోలేదు. కానీ దాని వల్లే ఆల్బమ్ సీడీ 3,000 యెన్ల దగ్గర స్థిరపడిపోయింది.

అంత ధర పెట్టలేని కుర్రాళ్లకు జపాన్‌లోనే ఒక దారి దొరికింది. 1980లో టోక్యో శివార్లలోని మిటాకాలో రికార్డులు అద్దెకిచ్చే దుకాణం మొదలైంది. ఒక రోజుకు తెచ్చుకుని, ఇంట్లో క్యాసెట్‌లోకి ఎక్కించుకుని, తిరిగి ఇచ్చేయడమే. ఇలాంటి దుకాణాలు కొద్దికాలంలోనే దేశమంతా పుట్టుకొచ్చాయి, కంపెనీలు గగ్గోలు పెట్టాయి. చివరికి 1984లో కాపీరైట్ చట్టంలో అద్దె హక్కును చేర్చి, అద్దెలో కొంత వాటా పాట తయారుచేసినవాళ్లకు వెళ్లేలా ఏర్పాటు చేశారు. అంటే జపాన్‌లో ఉన్న కుర్రాడికి కొనడం, దొంగిలించడం కాకుండా మూడో దారి ఒకటి చట్టబద్ధంగా ఉంది. బయటి దేశాల్లో ఉన్నవాళ్లకు అది లేదు.

లోపలి బజారే అంత పెద్దదైనప్పుడు కంపెనీలకు బయటి ప్రపంచంతో పెద్దగా పని పడలేదు. 1998లో జపాన్ రికార్డుల ఉత్పత్తి విలువ 60,000 కోట్ల యెన్లు దాటింది. ఆ దేశంలో సంగీత వ్యాపారానికి అదే శిఖరం. ఇంట్లోనే పండగ జరుగుతుంటే పొరుగూరి చుట్టం గుమ్మంలో నిలబడ్డ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఆ గుమ్మంలో ముందుగా నిలబడింది ఆసియా దేశాలవాళ్లే. దక్షిణ కొరియాలో వలస పాలన గాయాల వల్ల జపాన్ పాప్ సంస్కృతి మీద ఎన్నో ఏళ్లు నిషేధం ఉండేది. 1998 నుంచి దాన్ని విడతలుగా ఎత్తేశారు. జపనీస్ భాషలో పాడిన సీడీలను అమ్ముకోనిచ్చింది మాత్రం 2004 జనవరిలోనే. ఎక్స్ జపాన్ బ్యాండ్‌కు అక్కడ అంతకు చాలా ముందే వీరాభిమానులున్నారు. వాళ్ల చేతుల్లో ఉన్నవి దొంగ కాపీలే, ఎందుకంటే అసలువి అమ్మడమే నేరం.

తైవాన్ కథ వేరు, నన్ను ఎక్కువగా బాధపెట్టేది కూడా అదే. జపాన్‌తో దౌత్య సంబంధాలు 1972లో తెగిపోయాక, జపాన్ పాటలకు అక్కడ సరైన కాపీరైట్ రక్షణ లేకుండా పోయింది. ఆ సందును పట్టుకుని కొన్ని కంపెనీలు అనిమే పాటల సీడీలను పెద్ద ఎత్తున అచ్చుగుద్దాయి. చూడ్డానికి బాగుండేవి. అట్ట, పాటల పుస్తకం, బొమ్మలు అన్నీ ఉండేవి. ధర మాత్రం జపాన్ సీడీలో సగం, అంతకన్నా తక్కువ. 1990లలో, 2000ల మొదట్లో ఇవి అమెరికా, యూరప్ అభిమానుల వేడుకల్లో బల్లల మీద బహిరంగంగా అమ్ముడుపోయాయి. 2002 జనవరిలో తైవాన్ ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాక ఆ చట్టపు సందు మూసుకుంది కానీ, తయారైన సరుకు ఇంకొన్నేళ్లు తిరుగుతూనే ఉంది.

అక్కడ కొన్న పిల్లల్లో చాలామంది దొంగతనం చేస్తున్నామని అనుకోలేదు. పాకెట్ మనీ దాచుకుని, వరుసలో నిలబడి, డబ్బు ఇచ్చి కొన్నారు. పాట రాసినవాళ్లకు ఒక్క యెన్ కూడా చేరలేదు. డౌన్‌లోడ్ చేసినవాడు కనీసం ఎవరి జేబూ నింపలేదు, ఇక్కడ అభిమాని డబ్బుతో మధ్యలో ఎవరో బాగుపడ్డారు. ఈ తేడా తెలిసిన అభిమానులే అసలు సీడీని, నకిలీని గుర్తుపట్టడం ఎలాగో కొత్తవాళ్లకు నేర్పేవారు. వెన్ను మీది కంపెనీ ముద్ర చూడు, కేటలాగ్ నంబర్ సరిచూడు, ధర నమ్మలేనంత తక్కువగా ఉంటే కొనకు అని చెప్పేవారు. కళాకారుడికి డబ్బు చేరాలన్న పట్టుదల ఆ గుంపులోనే పుట్టింది, ఏ కంపెనీ ప్రచారమూ దాన్ని పుట్టించలేదు.

ఇక కంపెనీలు ఏం చేశాయి? ఆసియా బజార్లలో చవకగా అమ్మితే ఆ సీడీలు తిరిగి జపాన్‌లోకే వచ్చి 3,000 యెన్ల సరుకును దెబ్బతీస్తాయని భయపడ్డాయి. వాళ్ల కోరిక మీద 2004లో చట్టం సవరించారు, 2005 జనవరి నుంచి అమలైంది. విదేశాల్లో అమ్మడానికని లైసెన్స్ ఇచ్చిన జపాన్ సీడీలను వ్యాపారం కోసం వెనక్కి తెస్తే అడ్డుకోవచ్చు. ఒక్కో సీడీకి ఈ రక్షణ గడువు 4 ఏళ్లు. దీనితో ఆసియాకు ధైర్యంగా అమ్ముతామని కంపెనీలు అన్నాయి. జపాన్ శ్రోతలేమో తాము కొనుక్కునే పాశ్చాత్య ఇంపోర్ట్ సీడీలు కూడా ఆగిపోతాయేమోనని గట్టిగా నిరసన తెలిపారు.

అదే కాలంలో జపాన్ లోపల ఇంకో యుద్ధం నడిచింది. 2002 మార్చిలో అవెక్స్ కంపెనీ కాపీ చేయడానికి వీల్లేని సీడీలను తెచ్చింది. అవి కొన్ని ప్లేయర్లలో సరిగా ఆడేవి కావు. రెండేళ్లకే ఆ ప్రయోగం వెనక్కి తగ్గింది. ఫైళ్లు పంచుకునే విన్నీ అనే సాఫ్ట్‌వేర్‌ను రాసిన ఇసాము కనేకోను 2004 మేలో అరెస్టు చేశారు. కింది కోర్టు జరిమానా వేసింది, పై కోర్టు కొట్టేసింది, 2011లో సుప్రీంకోర్టు ఆయన నిర్దోషే అంది. ఏడేళ్లు కోర్టుల చుట్టూ తిరిగిన ఆ మనిషి 2013లో, నలభై రెండేళ్ల వయసులో చనిపోయాడు.

2005 ఆగస్టు 4న ఐట్యూన్స్ జపాన్‌లో తెరుచుకుంది. నాలుగు రోజుల్లో పది లక్షల పాటలు అమ్ముడుపోయాయి. విదేశీ అభిమానులకు ఆ వార్త విన్న సంతోషం ఒక్క రోజే. ఖాతా తెరవాలంటే జపాన్ చిరునామా కావాలి, జపాన్‌లో ఇచ్చిన కార్డు కావాలి. పాట తెర మీద కనిపిస్తుంది, ముప్పై సెకన్లు వినిపిస్తుంది, కొనబోతే కుదరదు. దాంతో అభిమానులు ఒక దొంగదారి కనిపెట్టారు. జపాన్ గిఫ్ట్ కార్డు నంబర్‌ను ఎవరో అమ్మేవాళ్ల దగ్గర ఎక్కువ ధరకు కొని, జపాన్‌లోని ఏదో ఒక చిరునామా పెట్టి ఖాతా తెరిచేవారు. పాటకు న్యాయంగా డబ్బు కట్టడం కోసం అబద్ధపు చిరునామా రాయాల్సి వచ్చింది. టోరెంట్‌లో అదే పాట ఏ ప్రశ్నా లేకుండా దొరికేది. పైగా సోనీ జపాన్ పాటలు 2012 నవంబర్ దాకా ఆ ఐట్యూన్స్‌లో లేనే లేవు.

నేను ఈ పాటల వెంట పడింది 2009 ప్రాంతంలో, హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతున్నప్పుడు. అనిమే మొదట్లో వచ్చే పాట టీవీలో తొంభై సెకన్లే ఉంటుంది. మిగతా పాట ఎలా ఉంటుందోనన్న ఆత్రంతో నెట్ సెంటర్లో డౌన్‌లోడ్ చేసి పెన్ డ్రైవ్‌లో ఇంటికి తెచ్చుకున్నాను. అది తప్పని తెలుసు. సీడీ కొందామని చూస్తే 3,000 యెన్లు, అంటే అప్పటి లెక్కలో సుమారు 1,500 రూపాయలు, పోస్టు ఖర్చు అదనం. మన సినిమా పాటల సీడీ వంద రూపాయలకు వచ్చే రోజులవి. ఇంట్లో క్రెడిట్ కార్డు లేదు. చివరికి అమెరికాలో ఉన్న మా పెద్దమ్మ కొడుకును బతిమాలితే, అన్నయ్య తన కార్డుతో తెప్పించి డిసెంబర్‌లో వచ్చినప్పుడు తెచ్చి ఇచ్చాడు. సీడీకి చుట్టిన కాగితపు పట్టీని అక్కడ ఓబీ అంటారు, నడికట్టు అని అర్థం. దాన్ని చింపకుండా తీయడానికి పావుగంట పట్టింది. లోపల కచేరీ డీవీడీ కూడా ఉంది. డీవీడీలకు ప్రాంతాలవారీ తాళం ఉంటుంది. అది రీజియన్ 2, మన దేశం రీజియన్ 5. మా ప్లేయర్‌లో ఆడలేదు. డబ్బిచ్చి కొన్న డిస్క్ పక్కన పెట్టుకుని, అదే కచేరీని మళ్లీ నెట్‌లోనే వెతికి చూశాను.

జపాన్ ప్రభుత్వం శిక్షలు పెంచుకుంటూ పోయింది. 2010 జనవరి నుంచి, దొంగ కాపీ అని తెలిసి డౌన్‌లోడ్ చేయడం చట్టవిరుద్ధం అయింది. 2012 అక్టోబర్ నుంచి రెండేళ్ల దాకా జైలు, 20 లక్షల యెన్ల దాకా జరిమానా. ఈ చట్టం జపాన్‌లో ఉన్నవాళ్లకు. పైగా వాళ్లకు అప్పట్లో మూల మూలకూ సీడీ షాపు, అద్దె షాపు ఉండేవి. బయటివాళ్లకు అమ్మే ప్రయత్నాలు మాత్రం వచ్చి పోతుండేవి. సోనీ జపాన్ 2003లో అమెరికాలో పెట్టిన టోఫు రికార్డ్స్ నాలుగేళ్లకే మూతపడింది. టోక్యో నుంచి ప్రపంచమంతటికీ పార్సిల్ పంపే సీడీ జపాన్, హాంకాంగ్ నుంచి నడిచే యెస్ఏషియా లాంటి మెయిల్ ఆర్డర్ సంస్థలే ఆ పదేళ్లూ నిజాయితీగా కొనాలనుకున్న అభిమానిని ఆదుకున్నాయి.

తర్వాత యూట్యూబ్ వచ్చింది. 2017లో ఎవరో అభిమాని మరియా తకెయుచి 1984 ఆల్బమ్‌లోని ‘ప్లాస్టిక్ లవ్’ పాటను అనుమతి లేకుండా పెట్టారు. చూసినవాళ్లు రెండు కోట్లు దాటారు. 2018 చివర్లో ఆ వీడియోను తీసేశారు. ఫిర్యాదు పాట గురించి కాదు, వీడియోలో వాడిన ఫొటో గురించి. ఆ ఫొటో తీసిన అమెరికా ఫొటోగ్రాఫర్ తన హక్కు అడిగాడు. వార్నర్ మ్యూజిక్ జపాన్ 2019లో ఆ పాటకు అధికారికంగా చిన్న వీడియో, 2021లో పూర్తి వీడియో విడుదల చేసింది. అమ్మకం ఆలోచనే లేని చోట గిరాకీ ఉందని ఒక దొంగ అప్‌లోడ్ చూపించింది. దాన్ని సమర్థించడానికి ఈ మాట అనడం లేదు. ఆ వీడియోను గాయనిని అడిగి పెట్టలేదన్నదీ నిజమే.

అందుబాటులో ఉంచితే ఏమవుతుందో మికి మత్సుబరా పాట చెబుతుంది. 1979లో వచ్చిన ‘మయొనకా నో డోర్’ 2020లో ఇండోనేషియా గాయని రైనిచ్ తన గొంతుతో మళ్లీ పాడిన కవర్‌తో లేచింది. అసలు పాట అప్పటికే స్ట్రీమింగ్‌లో ఉంది. విన్నవాళ్లు నేరుగా దాని దగ్గరికే వెళ్లారు, స్పాటిఫై ప్రపంచ వైరల్ జాబితాలో అది మొదటి స్థానానికి చేరింది. అది చూడ్డానికి మత్సుబరా లేరు, 2004లోనే పోయారు.

స్పాటిఫై 2016లో జపాన్‌కు, 2019లో మన దేశానికి వచ్చింది. 2023లో జపాన్ జంట యోఅసోబీ ‘ఐడల్’ పాట అమెరికాను మినహాయించిన బిల్‌బోర్డ్ ప్రపంచ చార్టులో మొదటి స్థానం పొందింది. ఈ రోజు వరంగల్‌లో ఉన్న కుర్రాడు జపాన్ పాటను విడుదలైన రోజే వినొచ్చు, ఏ చిరునామా గురించీ అబద్ధం చెప్పక్కర్లేదు.

అయినా లెక్క పూర్తిగా తేలలేదు. జపాన్ నుంచి సెకండ్ హ్యాండ్ సీడీలు కొనిపెట్టి పంపే మధ్యవర్తి సంస్థలు ఇప్పుడు చాలా ఉన్నాయి. అది పూర్తిగా చట్టబద్ధం, కానీ పాడినవాళ్లకు అందులో ఏమీ రాదు. ఇంకోవైపు తకెయుచి భర్త, ‘ప్లాస్టిక్ లవ్’ను తీర్చిదిద్దిన తత్సురో యమాషితా తన పాటలను స్ట్రీమింగ్‌కు బహుశా బతికుండగా ఇవ్వనని 2022లో తేల్చి చెప్పారు. అది ఆయన హక్కు, నేను గౌరవిస్తాను. ఆయన పాటల దొంగ అప్‌లోడ్‌లు నెట్‌లో వస్తూ పోతూనే ఉన్నాయి. ఆయన పాత ఆల్బమ్‌లు 2023లో కొత్తగా ఎల్పీలుగా వచ్చాయి. వాటిని న్యాయంగా వినాలనుకునే విదేశీ అభిమాని మునుపటిలాగే టోక్యోకు ఆర్డర్ పెట్టి, పార్సిల్ కోసం ఎదురుచూస్తున్నాడు.