కలుషిత నేల శుద్ధి: ఏ పద్ధతి మేలు? అపోహలు - వాస్తవాలు

అపోహ: మట్టి తవ్వి లారీల్లో తరలించడం పర్యావరణానికి చేటు, బోర్లు వేసి కలుషిత నీళ్లు తోడి శుద్ధి చేయడమే మేలు.

వాస్తవం: లెక్క వేయకుండా ఈ మాట అనలేం. పాత డీజిల్ ట్యాంకు కింద 1,000 ఘనపు మీటర్ల మట్టి పాడైందనుకుందాం. బరువు సుమారు 1,800 టన్నులు, అంటే 18 టన్నుల టిప్పర్‌కు 100 ట్రిప్పులు. (తవ్విన మట్టి పొంగుతుంది. బరువు రాకముందే తొట్టి నిండితే ట్రిప్పులు పెరుగుతాయి.) దుండిగల్, పరవాడల్లో ఉన్నలాంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రం 50 కిలోమీటర్ల దూరంలో ఉంటే, లీటరుకు 3.5 కిలోమీటర్ల చొప్పున రానూపోనూ 2,900 లీటర్ల డీజిల్ కాలుతుంది. లీటరుకు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వేసుకున్నా 8 టన్నులు దాటదు. పొక్లెయిన్ పని, దగ్గర్లోంచి మంచి మట్టి తెచ్చి పూడ్చడం కలిపితే మరో రెండు మూడు టన్నులు.

ఇక బోరు నీళ్లు తోడే 2 కిలోవాట్ల మోటారు రాత్రింబవళ్లు తిరిగితే ఏడాదికి 17,520 యూనిట్లు. యూనిట్‌కు 0.7 కిలోల చొప్పున 12 టన్నులు, పదేళ్లకు 120. అన్నేళ్లు ఎందుకంటే, మట్టిరేణువులకు పట్టిన నూనె నీళ్లతో పాటు సులువుగా రాదు. మోటారు ఆపిన కొన్నాళ్లకే బోరు నీళ్లలో మళ్లీ కనిపిస్తుంది.

అలాగని తవ్వకమే గొప్పదనీ కాదు. మట్టిలో సీసం లాంటి లోహాలుంటే వ్యర్థాల కేంద్రంలో పూడ్చే ముందు సిమెంటు కలిపి కట్టిపడేయాల్సి రావచ్చు. 10 శాతం కలిపినా 180 టన్నుల సిమెంటు. టన్ను సిమెంటుకు 0.8 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వేసుకుంటే 144 టన్నుల ఉద్గారం. లారీల మీద గొడవపడేవాళ్లు ఈ సిమెంటును లెక్కలోకే తీసుకోరు.

అపోహ: కార్బన్ తక్కువైతే సుస్థిరమైనట్టే.

వాస్తవం: ముప్పును అదుపు చేయలేని పద్ధతి ఎంత చవకైనా పోటీలోకే రాకూడదు. సుస్థిర నేల శుద్ధిపై ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 18504 (2017) పర్యావరణంతో పాటు సామాజిక, ఆర్థిక అంశాలనూ చూడమంటుంది. చుట్టుపక్కలవాళ్లు పీల్చే దుమ్ము, కూలీల భద్రత, భూమి ఎన్నాళ్లు ఖాళీగా ఉంటుందన్నదీ అందులోకే వస్తాయి. ఏ అంశానికి ఎంత ప్రాధాన్యమో, పద్ధతులకు మార్కులు వేయకముందే, ఊరివాళ్లను కూడా కూర్చోబెట్టుకుని తేల్చాలి. తర్వాత తేలిస్తే, ముందే మనసులో పెట్టుకున్న పద్ధతే గెలుస్తుంది. ప్రాధాన్యాలు కాస్త మార్చగానే మొదటి స్థానం తారుమారైతే ఆ సంగతి నివేదికలో రాయాలి.

అపోహ: మొక్కలు నాటితే విషం అవే లాగేస్తాయి.

వాస్తవం: వేరు అందినంత లోతు వరకే, అదీ ఏళ్ల తరబడి. సీసాన్ని మొక్కలు పెద్దగా పైకి తీసుకోవు. తీసుకునేలా ఈడీటీఏ (లోహాలను కరిగించే రసాయనం) పోస్తే సీసం కరిగి భూగర్భజలంలోకి దిగే ప్రమాదం ఉంది. లోహం పట్టిన ఆకును పశువులకు వేయకూడదు, పెంటకుప్పలో కలపకూడదు, ఆరుబయట కాల్చకూడదు.

అపోహ: సూక్ష్మజీవుల పొడి చల్లితే నూనె మట్టి బాగైపోతుంది.

వాస్తవం: నూనెను తినే జీవులు చాలావరకు ఆ మట్టిలోనే ఉంటాయి. వాటికి కొరవడేది గాలి, తేమ, నత్రజని, భాస్వరం. కర్బనం, నత్రజని, భాస్వరం 100:10:1 నిష్పత్తికి దగ్గరగా ఉండేలా యూరియా, ఫాస్ఫేట్ కలపాలి. ఆ మట్టిని రెండు మూడు మీటర్ల ఎత్తుకు మించి కుప్ప పోయకుండా, కింద షీటు పరిచి, వానకు పైన కప్పాలి. తడి ఎక్కువైతే గాలి ఆడక పని ఆగిపోతుంది. పెట్రోల్ ఉన్న మట్టిని ఊరికే తిరగేస్తుంటే మాత్రం ఆవిరి గాలిలోకి పోతుంది. అప్పుడు మట్టి పరీక్షలో పెట్రోల్ అంకె తగ్గినా అది శుద్ధి కింద లెక్కకు రాదు.