ఏటికన్నా నెమ్మదిగా

ఒరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల తీరం వెంబడి డిసెంబర్ నుంచి మార్చి దాకా వాన ఆగదు, ఎండ జాడ ఉండదు, ఏట్లో చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోతాయి. సరిగ్గా అప్పుడే అక్కడి జనం తెల్లవారకముందే లేచి, ట్రెయిలర్ మీద పడవ కట్టుకుని విల్సన్, నెస్టక్కా, హో, సోల్ డక్ లాంటి నదులకి బయల్దేరతారు. అంతా స్టీల్‌హెడ్ అనే ఒక్క చేప కోసం. రోజంతా గాలం వేస్తే ఒకటి పడితే గొప్ప, పడకపోతే మామూలు. పడిన ఆ ఒక్కటీ హేచరీలో, అంటే చేపపిల్లల్ని పొదిగించి పెంచే కేంద్రంలో, పుట్టింది కాకుండా నదిలోనే పుట్టిన చేప అయితే, చాలా చోట్ల దాన్ని మళ్లీ నీళ్లలో వదిలేయాల్సిందే, చట్టం అలా ఉంది. ఇదేం సరదా అనిపించడం సహజమే. కానీ దీని వెనకున్న సైన్స్ చూస్తే ఒక సంగతి భలేగా కనిపిస్తుంది: ఆ చలికాలపు నదిలో చేప బతకడానికి చేసేదీ, పడవలో మనిషి బతికి బయటపడటానికి చేయాల్సిందీ ఒకటే, నెమ్మది నీళ్లని వెతుక్కోవడం.

ముందు చేప సంగతి. నీలగిరుల్లో, మున్నార్ కొండల్లో బ్రిటిష్ కాలంలో తెచ్చి వదిలిన రెయిన్‌బో ట్రౌట్ గురించి వినే ఉంటారు. స్టీల్‌హెడ్ అంటే అదే జాతి, శాస్త్రీయ నామం ఆంకోరింకస్ మైకిస్. 1989 దాకా దీన్ని అట్లాంటిక్ సాల్మన్ ఉండే ప్రజాతిలో పెట్టారు, తర్వాత పసిఫిక్ సాల్మన్ల పక్కకి మార్చారు. ఒకే తల్లి గుడ్లలోంచి పుట్టిన పిల్లల్లో కొన్ని ఏట్లోనే ఉండిపోయి చిన్న ట్రౌట్‌గా బతికేస్తాయి, కొన్ని సముద్రానికి పోయి నాలుగైదు కిలోల స్టీల్‌హెడ్‌గా తిరిగొస్తాయి. ఏది వెళ్తుంది, ఏది ఉంటుంది అన్నదాంట్లో జన్యువుల పాత్ర ఉంది, తిండి దొరకడం దొరకకపోవడం ఉంది, ఆడా మగా తేడా కూడా ఉంది: ఆడవే ఎక్కువగా వెళ్తాయి, ఎందుకంటే ఒళ్లు ఎంత పెరిగితే గుడ్లు అన్ని ఎక్కువ. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మంచినీళ్లలోకి ఎదురీదే బతుకు మనకి కొత్తేం కాదు, గోదావరి వరద నీళ్లకి వచ్చే పులసదీ అదే. కాకపోతే పులస కోసం పుస్తెలమ్మైనా సరే అంటాం, ఇక్కడ చూస్తే పట్టినదాన్ని చేతులారా వదిలేస్తున్నారు.

సముద్రానికి పోయే ముందు, సాధారణంగా రెండేళ్ల వయసులో, ఆ పిల్ల చేప ఒంట్లో జరిగే మార్పు చిన్నది కాదు. మంచినీళ్లలో ఉన్నంతకాలం దాని మొప్పలు నీళ్లలోంచి ఉప్పుని లోపలికి లాక్కునే పని చేస్తాయి. సముద్రంలో బతకాలంటే అదే మొప్పలు ఉప్పుని బయటికి తోడెయ్యాలి. ఆ ఏర్పాటంతా కొన్ని వారాల్లో తిరగబడుతుంది, దాంతోపాటే ఒంటి మీది మచ్చలు మాసిపోయి పొలుసులు వెండిలా తేలతాయి. అక్కణ్ణుంచి ఉత్తర పసిఫిక్‌లో ఒకటి నుంచి మూడేళ్లు. తిరిగి రావడానికి భూమి అయస్కాంత క్షేత్రం, తీరానికి దగ్గరయ్యాక సొంత ఏటి వాసన తోడ్పడతాయి. 2014లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, అయస్కాంత క్షేత్రం వంకరపోయిన చోట పెంచిన స్టీల్‌హెడ్ పిల్లలు దిక్కు సరిగా పోల్చుకోలేకపోయాయి. ఇనుప సామాను మధ్య చేపల్ని పెంచే హేచరీలవాళ్లు పట్టించుకోవాల్సిన మాటే ఇది.

ఇందులో రెండు రకాల రాక ఉంది. వేసవిలో వచ్చేవి పచ్చిగా వస్తాయి, అంటే గుడ్లు ఇంకా ముదరకుండానే ఏట్లోకి ఎక్కి నెలల తరబడి మడుగుల్లో కాచుకుని ఉంటాయి. చలికాలంలో వచ్చేవి గుడ్లు ముదిరాకే వస్తాయి, కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల్లో పని ముగించుకుంటాయి. ఈ తేడా మొత్తానికీ గ్రెబ్1ఎల్ అనే ఒక్క జన్యువు చుట్టుపక్కలున్న మార్పులతో గట్టి సంబంధం ఉందని 2017లో తేలింది. ఇంకో మాట, చినూక్, కోహో సాల్మన్లు గుడ్లు పెట్టాక చచ్చిపోతాయి. స్టీల్‌హెడ్‌కి ఆ రాత తప్పనిసరి కాదు, బక్కచిక్కిపోయి మళ్లీ సముద్రం చేరి ఇంకో ఏడు తిరిగొచ్చేవీ కొన్ని ఉంటాయి. వదిలేసిన చేప విలువ అక్కడుంది.

ఇప్పుడు అసలు విషయం. చేప ఒంటికి సొంత వేడి లేదు, నీళ్లెంత చల్లగా ఉంటే ఒళ్లూ అంతే చల్లన. పది డిగ్రీలు తగ్గితే ఒంట్లో రసాయన చర్యల వేగం దాదాపు సగానికి పడిపోతుంది. జనవరిలో ఈ నదుల్లో నీళ్లు 4 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంటాయి. ఆక్సిజన్‌కి లోటేమీ లేదు, 20 డిగ్రీల నీళ్లలో లీటరుకి 9 మిల్లీగ్రాములు కరిగితే 5 డిగ్రీల్లో దాదాపు 13 కరుగుతుంది. ఊపిరికి కొదవ లేదు, ఓపికకే కొదవ. పైగా ఏట్లోకి వచ్చాక అది పెద్దగా తినదు, సముద్రంలో కూడబెట్టుకున్న కొవ్వు మీదే బండి నడవాలి. కాబట్టి పరవళ్లు తొక్కే నీళ్లలో రొమ్ము విరుచుకుని నిలబడటం దానికి కుదరదు. మనిషి తీరిగ్గా నడిచే వేగంతో నీళ్లు పోయే చోటు చూసుకుంటుంది. అడుగున రాళ్ల రాపిడికి నీళ్లు పైకన్నా నెమ్మదిగా పోతాయి కాబట్టి అడుక్కి చేరుతుంది. వడినీళ్లూ నిలకడ నీళ్లూ ఒరుసుకునే గీత పక్కన ఆగుతుంది. పెద్ద బండరాయికి వెనకే కాదు, ముందు కూడా నీళ్లు గుద్దుకుని వెనక్కి తన్నే చోట ఒక చిన్న మెత్తటి జాగా ఉంటుంది, అక్కడా ఉంటుంది. అన్నిటికన్నా నమ్మకమైన చోటు మడుగు తోక భాగం: కింది నురగనీళ్లన్నీ ఎక్కివచ్చిన చేపకి మొదట దొరికే ప్రశాంతమైన జాగా అదే.

ఏ రోజు బయల్దేరాలో చెప్పేది నది మట్టం. అమెరికా భూగర్భ సర్వే సంస్థ నదుల మీద పెట్టిన కొలత కేంద్రాల అంకెలు ఇంటర్నెట్‌లో ఎప్పటికప్పుడు కనిపిస్తాయి, అదీ మన ప్రకాశం బ్యారేజీ వార్తల్లో వినే క్యూసెక్కుల్లోనే. సెప్టెంబర్ 2024లో ఆ బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన సంగతి గుర్తున్నవాళ్లకి విల్సన్ నది వెయ్యి, రెండు వేల క్యూసెక్కులు పిల్లకాలవలా అనిపించొచ్చు. కానీ అది ఇరుకు లోయలో రాళ్ల మధ్య దూకే నీరు, పైగా పసిఫిక్ మీంచి తేమ మేఘాల పాయ ఒకటి వచ్చి కొండల్ని తాకిందంటే చాలా తక్కువ వ్యవధిలో ఎన్నో రెట్లు పొంగుతుంది, 30 వేలు దాటిన సందర్భాలూ ఉన్నాయి. పొంగుతున్నప్పుడు చేప కదిలిపోతూ ఉంటుంది, నీళ్లు బురద. పొంగు తగ్గుముఖం పట్టి, కాఫీ రంగు పోయి అడుగు కనీ కనపడని ఆకుపచ్చ రంగు వచ్చినప్పుడు చేప ఎక్కడో ఒక చోట కుదురుకుంటుంది. జాలర్లు సెలవు పెట్టేది ఆ రోజే. పడవకి ప్రమాదం ఎక్కువగా ఉండేది కూడా ఇంచుమించు ఆ రోజే, ఎందుకంటే వరద కొత్తగా ఏ చెట్టుని ఎక్కడ పడేసిందో ఇంకా ఎవరికీ తెలీదు.

డ్రిఫ్ట్ బోట్ అనే ఆ పడవ కథ ఒరెగాన్‌లోని మెకెంజీ నది మీద మొదలైంది. 1920ల నుంచి 40ల దాకా వెల్టీ ప్రూయిట్, టామ్ కార్‌హస్, వుడీ హైండ్‌మన్ లాంటివాళ్లు మార్చి మార్చి చెక్కిన రూపం అది. అడుగు చదును, పక్కలు బయటికి విచ్చుకుని ఉంటాయి, అడుగు చెక్క మాత్రం ముందు నుంచి వెనక్కి ఊగే కుర్చీ కాళ్లలా వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపు వల్ల నీళ్లని తాకేది మధ్యభాగమే, అందుకే జానెడు లోతులోనూ తేలుతుంది, ఒక్క తెడ్డు లాగితే ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. తెడ్లు వేసే మనిషి మామూలు పడవల్లోలా వెళ్లే దిక్కుకి వీపు పెట్టి కూర్చోడు, దిగువకి ఎదురుగా కూర్చుని తెడ్లని తనవైపు లాగుతాడు. అంటే పడవ పోయేది కిందికి, అతను లాగేది పైకి. రోజంతా ఇదే పని, నది కన్నా నెమ్మదిగా పోవడం.

ఎందుకలా అన్నదానికి చిన్న లెక్క చూడండి. నీళ్లు సెకనుకి 2 మీటర్ల వేగంతో పోతున్నాయి, 40 మీటర్ల దిగువన బండ ఉంది, మీరు తెడ్లతో సెకనుకి 1 మీటరు వేగం పుట్టించగలరు. కొత్తవాళ్లు కంగారులో పడవ ముక్కుని ఖాళీ జాగావైపు, 45 డిగ్రీల కోణంలో తిప్పి ముందుకి తొయ్యబోతారు. అప్పుడు మీ వేగం ఏటి వేగానికి కలుస్తుంది, బండ దాకా 15 సెకన్లే మిగులుతాయి, ఆలోపు పక్కకి జరిగేది పది మీటర్ల చిల్లర. అదే ముక్కుని ప్రమాదంవైపే చూపించి, వెనక భాగం ఖాళీవైపు ఉండేలా అదే 45 డిగ్రీల కోణంలో వెనక్కి లాగితే, మీ వేగంలో కొంత ఏటి వేగంలోంచి తీసివేత అవుతుంది, 31 సెకన్లు దొరుకుతాయి, పక్కకి దాదాపు 22 మీటర్లు జరుగుతారు. పెట్టిన శ్రమ ఒకటే, ఫలితం రెట్టింపు. భయపడే దాన్ని ఎదురుగా చూస్తూ దాన్నుంచి వెనక్కి లాక్కోవాలి, మనసు మాత్రం సరిగ్గా దీనికి వ్యతిరేకంగా చెయ్యమంటుంది.

గాలం వేయడంలోనూ ఇదే సూత్రం. నీటి పైపొర అడుగుపొర కన్నా వేగంగా పోతుంది కాబట్టి బెండుని దాని మానాన వదిలేస్తే కింద ఉన్న ఎరని ఈడ్చుకుపోతుంది, అడుగున బద్ధకంగా ఉన్న చేప అంత వేగంగా పోయేదాని వెంట పడదు. అందుకే తెడ్ల మనిషి పడవని అడుగు నీటి వేగానికి తగ్గించి పట్టుకుంటాడు, చేపగుడ్ల ముద్ద రాళ్లని తాకీ తాకనట్టు పోతుంది. ఇంకో పద్ధతిలో చేప ఆకారపు బొమ్మ ఎరని పడవకి దిగువన పదిహేను మీటర్ల దూరంలో వదిలి, పడవని దాదాపు నిలబెట్టేస్తారు. ప్రవాహానికి ఆ బొమ్మ వణుకుతూ ఒక్కో అడుగే చేపవైపు వెనక్కి నడుస్తుంది, తన జాగాలోకి చొరబడుతున్నదాన్ని చూసి చేప కొరికేస్తుంది. అక్కడ గాలం పట్టుకున్నవాడికన్నా తెడ్లు పట్టుకున్నవాడే అసలు జాలరి.

నెమ్మది నీళ్లని పుట్టించేవాటిలో పడిపోయిన చెట్లది పెద్ద వాటా, చిక్కంతా అక్కడే. పోయిన శతాబ్దంలో ఈ నదుల్లోంచి దుంగలన్నీ ఏరేశారు, మడుగులు పోయాయి, చేపలూ తగ్గాయి. ఇప్పుడు క్వినాల్ట్, ఎల్వా నదుల్లో అక్కడి ఆదివాసీ జాతులే లెక్కలు వేసి మరీ దుంగల గుట్టలు మళ్లీ కట్టిస్తున్నాయి. చేపకి ఇల్లయిన ఆ చెట్టే పడవకి యముడు. బండ దగ్గర నీళ్లు గుద్దుకుని పక్కకి తిరుగుతాయి, పడవనీ కొంత పక్కకి నెడతాయి. కొమ్మల మధ్య నీళ్లు ఆగకుండా దూరిపోతాయి, మనిషీ పడవా మాత్రం జల్లెడలోలా ఆగిపోతారు. తప్పించుకునే దారి లేకపోతే ఈదేవాడు బోర్లా తిరిగి, తల ముందు పెట్టి, చెట్టువైపే గట్టిగా ఈది కొమ్మల మీదికి ఎగబాకాలి. మిగతా చోట్ల మాత్రం వెల్లకిలా తేలుతూ కాళ్లు దిగువకి పెట్టుకోవాలి, వడినీళ్లలో లేచి నిలబడే ప్రయత్నం చేశారా, పాదం రాళ్ల సందున ఇరుక్కుంటే నీళ్లే తల మీద కూర్చుంటాయి.

నీటి ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది. మునిగిన పడవ రెండు చదరపు మీటర్ల పక్కభాగం నీటికి అడ్డంగా ఉందనుకుంటే, సెకనుకి 1 మీటరు వేగంలో ఉజ్జాయింపుగా 100 కిలోల బరువంత తోపు, 2 మీటర్ల వేగంలో 400 కిలోలు. అందుకే పడవ బండకి అడ్డం పడిన క్షణంలో అందరూ బండవైపే ఒరగాలి. భయంతో వెనక్కి జరిగారంటే ఎగువ అంచు నీళ్లలోకి వంగుతుంది, పడవ నిండుతుంది, ఇక దాన్ని లాగడం మనుషుల వల్ల కాదు. లంగరుదీ అదే కథ. పడవ వెనక కప్పీ మీంచి జారే లంగరుని వడినీళ్లలో వేస్తే పడవే ఆనకట్టగా మారి, వెనక అంచు మీంచి నీళ్లు లోపలికి ఎక్కేస్తాయి. తాడు చివర ముడి వెయ్యొద్దు, అందుబాటులో కత్తి పెట్టుకోండి అని గైడ్లు చెప్పేది అందుకే, ఆ తాడు సెకన్లలో పోవాలి.

నీళ్లలో పడితే ఏమవుతుందో కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చన్నీళ్లలో తానే దిగి మరీ అధ్యయనం చేశాడు. ఆయన చెప్పే లెక్క 1-10-1. మొదటి ఒక్క నిమిషం ఊపిరి మన అదుపులో ఉండదు, చల్లదనం దెబ్బకి అప్రయత్నంగా గుక్క పీల్చేస్తాం, ఆ గుక్క నీళ్ల కింద పీల్చితే అక్కడితో సరి. తర్వాత పది నిమిషాలు చేతులూ కాళ్లూ ఎంతో కొంత మాట వింటాయి. స్పృహ తప్పడానికి దాదాపు గంట. అంటే చలికి గడ్డకట్టి చావడం కన్నా ముందే ఈత రాకుండా పోయి మునగడం జరుగుతుంది, ఎంత గజ ఈతగాడైనా సరే. లైఫ్ జాకెట్ సీటు కింద ఉంటే ఆ మొదటి నిమిషంలో ఎందుకూ పనికిరాదు, ఒంటి మీద ఉండాలి. ఛాతీ దాకా వేసుకునే రబ్బరు వేడర్స్‌లో నీళ్లు నిండితే అడుక్కి లాగేస్తాయన్నది మాత్రం అపోహ, నీళ్లలో నీళ్లకి బరువు ఉండదు. ఒడ్డెక్కేటప్పుడే ఆ బరువు తెలుస్తుంది, నడుముకి బిగుతుగా బెల్టు పెట్టుకుంటే లోపలికి వెళ్లే నీళ్లు తగ్గుతాయి.

చేప విషయానికొస్తే, తోక ముందు వీపు మీద ఉండే చిన్న కండ రెక్క కత్తిరించి ఉంటే అది హేచరీ చేప, ఇంటికి తీసుకుపోవచ్చు. రెక్క అలాగే ఉంటే నదిలో పుట్టినది, వాషింగ్టన్‌లో దాన్ని పూర్తిగా నీళ్లలోంచి పైకి తీయడం కూడా నేరమే. ఈ తేడా ఎందుకంటే, ఒరెగాన్‌లోని హుడ్ నది చేపల మీద 2007లో ప్రచురించిన పరిశోధనలో, హేచరీలో పెరిగిన ఒక్కో తరానికీ నదిలో పిల్లల్ని కనే సామర్థ్యం 40 శాతం దాకా పడిపోతోందని తేలింది. అదే ఏడాది వాషింగ్టన్‌లోని సముద్రపు పాయ అయిన ప్యూజెట్ సౌండ్ స్టీల్‌హెడ్‌ని ప్రమాదంలో ఉన్న జాబితాలో చేర్చారు. 2020 డిసెంబర్‌లో వాషింగ్టన్ వన్యప్రాణి శాఖ ఒలింపిక్ ద్వీపకల్పపు తీర నదుల్లో ఆ సీజన్‌కి పడవలోంచి గాలం వేయడాన్నే ఆపేసింది. పడవలో వెళ్లొచ్చు, గాలం వేయాలంటే దిగి నిలబడాలి. నాకైతే ఇది సబబుగానే అనిపించింది, ఎందుకంటే ఒడ్డున నిలబడ్డవాడికి అందని నెమ్మది జాగాలు నదిలో బోలెడుంటాయి, వాటన్నిటినీ ఒకే రోజులో తడిమి రాగలిగేది డ్రిఫ్ట్ బోటే. కాకపోతే మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లు జారే రాళ్ల మీద దిగి నిలబడటం ఎలా అంటే, ఆ ప్రశ్నా న్యాయమైనదే.