మచ్చకు మూలలున్నాయా, గుండ్రంగా ఉందా?

"చామంతి ఆకులు అడుగు నుంచి నల్లబడుతూ పైకి వస్తున్నాయి, బూజు మందు రెండుసార్లు కొట్టినా తగ్గలేదు, ఇదేం తెగులు?" అని ఒక పాఠకురాలు ఫొటో పంపి అడిగారు. ఫొటోలో నేను ముందు చూసింది రంగును కాదు, మచ్చ అంచును. ఏ కారణంతో చచ్చిన కణమైనా చివరికి గోధుమ రంగుకో నలుపుకో తిరుగుతుంది కాబట్టి రంగుతో తేల్చడం కష్టం. లోపల చేరింది ఎటు పాకిందో, ఎక్కడ ఆగిందో ఆకారమే చెబుతుంది.

బడిలో ఈనెలంటే నీళ్లూ ఆహారమూ మోసే గొట్టాలని చెప్పి వదిలేస్తారు. అవి గట్లు కూడా. ఆకు గురించి నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి ఇదే, ఇదొక్కటి పిల్లలకు చెబితే ఆకును చూసే తీరే మారిపోతుంది. చాలా మొక్కల్లో ఈనె చుట్టూ ఉండే కణాల తొడుగు ఆకు పైచర్మం నుంచి కింది చర్మం దాకా నిలువుగా సాగి సందు లేకుండా మూసేస్తుంది, దాంతో మధ్యలోని గుల్ల కణజాలంలో ఉన్న గాలీ తడీ పక్కకు పోలేవు. అంటే ఆకు అచ్చంగా మళ్లు కట్టిన పొలం.

శిలీంధ్రం చాలావరకు గట్టును లెక్కచేయదు. దాని పోగులు ఎంజైములతో కణాల గోడలు కరిగించుకుంటూ అన్ని వైపులా సాగుతాయి, అందుకే సెప్టోరియా అనే శిలీంధ్రం వల్ల చామంతికి వచ్చే మచ్చ గుండ్రంగా మొదలవుతుంది, ముదిరాక మధ్యలో సూదిమొనంత నల్ల చుక్కలు కూడా కనబడతాయి. బాక్టీరియాకు పోగులు లేవు, తడితో పాటు మడంతా నిండి గట్టు దగ్గర ఆగిపోతుంది, మచ్చకు మూలలు వస్తాయి. ఆ ఆకును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే మచ్చ అంచు నూనె కాగితంలా కనిపిస్తుంది. డౌనీ బూజు అనే తెగులు కూడా తరచూ ఈనెల దగ్గరే ఆగుతుంది కానీ దానికి ఆకు వెనక నూగు ఉంటుంది, తిప్పి చూస్తే తెలిసిపోతుంది.

పాఠకురాలి ఫొటోలో మచ్చలు ఈనెల మధ్య గీత గీసి కోసినట్టున్నాయి, నూగు లేదు, నూనె కాగితం మెరుపూ లేదు. నా అనుమానం ఆకు నులిపురుగు మీద, అంటే ఆకు లోపల బతికే నెమటోడ్ అనే సన్నటి పురుగు మీద. పొడవు మిల్లీమీటరుకు అటూ ఇటూ, వెడల్పు అందులో యాభయ్యో వంతు. కాండం తడిగా ఉన్నప్పుడు ఆ పలచటి నీటి పొరలోనే ఈదుకుంటూ పైకెక్కి పత్రరంధ్రాల గుండా లోపలికి దూరుతుంది, పెద్ద ఈనెలు మాత్రం దాటలేదు. అందుకే చామంతిలో ముక్కోణపు మచ్చలు, ఈనెలు బారుగా సాగే హోస్టా అనే అలంకరణ మొక్కలో పొడవాటి చారలు. పురుగు ఒకే జాతిదైనా గట్లు మారితే మచ్చ మారుతుంది! బూజు మందు పనిచేయకపోవడం కూడా సహజమే, అక్కడున్నది బూజు కాదు కదా.

రుజువుకు ల్యాబ్ అక్కర్లేదు. పూర్తిగా ఎండని, మచ్చ ఉన్న ఆకును ముక్కలుగా చింపి గాజు గ్లాసు నీళ్లలో రాత్రంతా వదిలేయండి. పొద్దున ముక్కలు తీసేసి, గ్లాసు వెనక నల్ల కాగితం పెట్టి, పక్కనుంచి టార్చి వేసి, మంచి భూతద్దంతో అడుగున వెతకండి. రంగులేని నూలుపోగుల్లాంటివి మెలికలు తిరుగుతూ కనబడితే అవే. మొదటిసారి చూసిన రోజు నేను అరగంట సేపు గ్లాసు దగ్గరనుంచి కదల్లేదు.

ఈనె గట్టే కాదు, కాలువ కూడా అన్నది మరిచిపోకూడదు. ఆస్టర్ ఎల్లోస్ తెగులు కలిగించే ఫైటోప్లాస్మా, అంటే కణానికి గోడలేని ఒక రకం బాక్టీరియా, నేరుగా ఆహారం పారే కాలువలోనే బతుకుతుంది, దీపపు పురుగులు రసం పీలుస్తూ దాన్ని అందులోకి వదులుతాయి. కాలువలో పడ్డదానికి గట్లతో పనేముంది, అందుకే మచ్చ ఉండదు, కుట్టిన చోటికి ఎంతో దూరంలో పువ్వు ఆకుపచ్చగా మారి రేకుల చోట ఆకులు పుడతాయి. చాలాకాలం దీన్ని వైరస్ అనుకున్నారు, 1967లో జపాన్ శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఇలాంటి తెగుళ్లున్న మొక్కల్ని చూశాకే అసలు సంగతి బయటపడింది. ఈ తెగులుకు మందు లేదు, మొక్కను పీకేయడమే.

నులిపురుగైతే అంత తొందర వద్దు. మచ్చలున్న ఆకులతో పాటు రాలిన ఎండుటాకుల్నీ ఏరేయండి, ఎండుటాకుల్లో అది నెలల తరబడి బతికే ఉంటుంది. వాటిని ఎరువు గుంటలో వేయొద్దు. నీళ్లు మొక్క మొదలు దగ్గరే పోయండి, ఆకుల మీద చల్లితే పురుగు పైకెక్కడానికి దారి వేసినట్టే.