కూలిన సర్వీసును ఎవరు లేపుతారు?

లినక్స్ యంత్రం ఆన్ చేశాక దాని మూల ప్రోగ్రామైన కెర్నెల్, యూజర్ ప్రోగ్రాముల్లో మొదట నడిపేది ఒక్కదాన్నే. దాని పేరు ఇనిట్, ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) నంబరు 1. వెబ్ సర్వర్, డేటాబేస్ లాంటి వెనక నడిచే ప్రోగ్రాములు (సర్వీసులు), లాగిన్ తెర అన్నీ దాని సంతానమే. అది పోతే కెర్నెల్ కూడా చేతులెత్తేస్తుంది.

ఇనిట్‌లలో రకాలున్నాయి. ఏది మేలన్న వాదన వస్తే చాలామంది బూట్ ఎన్ని సెకన్లని లెక్కలు తీస్తారు. నెలల తరబడి ఆపని సర్వరుకు ఆ సెకన్లతో ఏం పని? అర్ధరాత్రి డేటాబేస్ కూలితే ఎవరు గమనిస్తారన్నదే నాకు ముఖ్యం.

పాత సిస్టమ్ ఫైవ్ పద్ధతిలో షెల్ అనే ప్రోగ్రాము నడిపే ఆదేశాల ఫైళ్లు, అంటే షెల్ స్క్రిప్టులు, నంబర్ల వరసలో నడిచేవి. స్క్రిప్టు సర్వీసును మొదలుపెట్టి తప్పుకునేది. సర్వీసు బ్యాక్‌గ్రౌండ్‌లోకి వెళ్లి, తన ప్రాసెస్ నంబరును ఒక ఫైలులో రాసిపెట్టేది. తర్వాత దాన్ని ఆపాలంటే ఆ ఫైలే దిక్కు. సర్వీసు కూలినా ఫైలు మిగిలిపోతుంది. ఈలోగా అదే నంబరు ఇంకో ప్రాసెస్‌కు దక్కిందా, స్క్రిప్టు అజాగ్రత్తగా రాసి ఉంటే 'స్టాప్' కొట్టగానే ఏ పాపం ఎరుగని ప్రోగ్రాము పోతుంది. నిజానికి చచ్చినదాన్ని మళ్లీ లేపడం ఆ ఇనిట్‌కూ వచ్చు. లాగిన్ టెర్మినళ్లను అలాగే నడిపేవారు. సర్వీసులకు మాత్రం ఆ సౌకర్యాన్ని పెద్దగా వాడలేదు.

డి.జె. బెర్న్‌స్టీన్ రాసిన డెమన్‌టూల్స్ అనే ప్రోగ్రాముల సమితి ఈ పద్ధతిని తిరగేసింది. సర్వీసు బ్యాక్‌గ్రౌండ్‌లోకి పోకూడదు, కాపలా ప్రోగ్రాముకు నేరుగా బిడ్డగా ఉండాలి. బిడ్డ పోతే కెర్నెలే కబురు పంపుతుంది, ఫైలుతో పనిలేదు. రనిట్ అనే ఇనిట్ ఈ బాటలోదే, వాయిడ్ అనే లినక్స్ రకం నడిచేది దానిమీదే. అందులో సర్వీసు స్క్రిప్టు రెండు మూడు లైన్లు ఉంటే చాలు. కానీ చివరి లైనులో 'ఎగ్జెక్' (షెల్ స్థానంలోకి సర్వీసునే తెచ్చే ఆదేశం) మరిచారో, షెల్ మధ్యలో ఉండిపోతుంది. ఆగమన్న సిగ్నల్ షెల్‌కు తగులుతుంది, అసలు సర్వీసు నడుస్తూనే ఉంటుంది!

2010లో ఇంకో ఇనిట్‌గా వచ్చిన సిస్టమ్‌డీ సర్వీసునూ దాని పిల్లలనూ కెర్నెల్ ప్రాసెస్‌లను గుంపుగా పట్టి ఉంచే సీగ్రూప్‌లో పెడుతుంది. ఎన్నిసార్లు ఫోర్క్ చేసినా (కొత్త బిడ్డ ప్రాసెస్‌ను పుట్టించినా) ఆ గుంపు దాటి పోవడం కష్టం. దాని మీద ఎంత గొడవ జరిగినా (డెబియన్ అనే లినక్స్ రకం నుంచి డెవువాన్ అనే ఇంకోటి చీలింది ఇందుకే), ఈ ఒక్క విషయంలో దానికే నా ఓటు.

అయితే సర్వీసు సెట్టింగులు రాసే యూనిట్ ఫైలులో 'రీస్టార్ట్' లైను రాయకపోతే, సిస్టమ్‌డీ కూలిన సర్వీసును చూస్తుంది, లాగ్‌లో రాస్తుంది, లేపదు. ఆ లైనులో 'ఆల్వేస్' (ఎప్పుడూ) అని రాసినా, మామూలు సెట్టింగుల్లో 10 సెకన్లలో 5 సార్లు మొదలై కూలితే ఇక వదిలేస్తుంది. రనిట్ మాత్రం సెకను ఆగి మళ్లీ లేపుతుంది, మనం ఆపమనేదాకా.